ఐదుగురు వీరులు, రెండు ఎద్దులు

తొంభైల చివర్లో మా హైస్కూలు గ్రంథాలయానికి ఎవరో పాత పిల్లల పత్రికలు గోనెసంచిలో వేసి ఇచ్చిపోయారు. వాటిలో విదేశం నుంచి తెలుగులోకి దింపిన బొమ్మల కథ ఒకటి ఏళ్ల తరబడి నడిచింది. ఐదుగురు వీరుల జట్టు. ఒకడు ఎగురుతాడు. ఒకడు కొండను ఎత్తుతాడు. ఒకామె ఎవరు ఎంత దూరంలో గుసగుసలాడినా వింటుంది. ఒకడు కంటికి కనపడకుండా మాయమవుతాడు. ఐదోవాడు భూమి లోపలికి చూస్తాడు. సంచి అడుగున దొరికిన సంచికకూ పైన ఉన్న సంచికకూ పాతికేళ్ల తేడా ఉంది. ఆ పాతికేళ్లలో ఐదుగురిలో ఒక్కరికీ ఒక్క వెంట్రుక నెరవలేదు. ఎప్పుడు చూసినా ఏదో మహానగరం కూలబోతుంటుంది, వీళ్లు పోయి ఆపుతుంటారు.

నాకు ఒళ్లు మండింది. నేను సామాన్యశాస్త్రం చెప్పే పంతులును. వేరుశనగ పంట ఎండిన ఏటల్లా నా తరగతిలో సగం మంది తల్లిదండ్రుల వెంట బెంగుళూరు పోతారు. మిగిలిన సగం మంది ఈ పత్రికల కోసం కొట్టుకుంటున్నారు. అద్దాల మేడ కూలుతుంటే రెక్కలు కట్టుకుని వచ్చేవాళ్లకు, ఎండిపోతున్న జిల్లా ఒకటి ఉందని పాతికేళ్లలో ఒక్కసారైనా తెలియలేదా? తెలియదు. మేడ కూలితే బొమ్మ బాగా వస్తుంది. చేను ఎండితే బొమ్మలో ఏముంటుంది?

హేతువాద సభల్లో నాకు వాదించడం నేర్పిన గురువు ఒకరు ఉండేవారు. ఎదుటివాడి దేవుణ్ణి తిట్టొద్దు, ఆ దేవుణ్ణి మన ఊరికి పిలిచి పని చెప్పు అనేవారు ఆయన. ఆ పద్ధతే పట్టుకున్నాను. ఐదుగురినీ అనంతపురం జిల్లాకు పిలిచాను. వాళ్లకు వయసు పెట్టాను. ఒక్కో దశాబ్దంలో ఒక్కొక్కరికి పని చెప్పాను.

కథ గంజి కేంద్రాల కాలంలో మొదలవుతుంది. యాభైల కరువు. ఐదుగురూ ఎండిన శింగనమల చెరువులో దిగుతారు. జనం వాళ్ల రంగు దుస్తులు చూసి పగటివేషగాళ్లనుకుని, మీరూ పోయి గంజి వరసలో నిలబడండి అంటారు. కొండనెత్తేవాణ్ణి కరువు పనిలో పెడతారు. ఊరంతా కలిసి తవ్వేంత మట్టి ఒక్కడే తవ్వుతాడు. మేస్త్రీ అతనికి ఒక్క మనిషి కూలే ఇచ్చి, మిగతా పని చేసినట్టు తన బంధువులందరి పేర్లూ రాసుకుంటాడు. అరవైల్లో దూరం వినే ఆమె ఢిల్లీ మాటలూ హైదరాబాదు మాటలూ వింటుంది. కరువు పారదోలడం గురించి అంత తియ్యగా మాట్లాడడం ఆమె ఏ దేశంలోనూ వినలేదు. చివరకు చెవుల్లో దూది పెట్టుకుంటుంది. ఎమర్జెన్సీలో మాయమయ్యేవాణ్ణి పోలీసులు మాయమైనందుకే పట్టుకుంటారు. కనపడకుండా ఎక్కడికి పోయావు, ఎవరిని కలిశావు అని నిలదీస్తారు.

ఎనభైలు వచ్చాయి, బోర్లు వచ్చాయి. ఇక పనంతా భూమి లోపలికి చూసే ఐదోవాడిదే. మొదట్లో కాలి కిందే నీళ్లు చూపిస్తాడు. ఏడాదికేడాది అతని చూపు లోతుకు పోతుంది, నీళ్లు ఇంకా లోతుకు పోతాయి. చివరకు ఒక రైతు ముందు రెండు చేతులూ జోడించి, కింద ఏమీ లేదని ఒప్పుకుంటాడు. నా కథకు గుండెకాయ అదే. తొంభైల్లో ఎగిరేవాడికి మోకాళ్ల నొప్పులు, బెంగుళూరు బస్సు టాపు మీద మూటల మధ్య కూర్చుంటాడు. ఆ తర్వాత ఐదుగురూ ముసలివాళ్లై, సబ్సిడీ విత్తనకాయల వరసలో తమకు బదులు చెప్పులు పెట్టి, వేపచెట్టు కింద కూలబడి ఉంటారు. జనం నవ్వుతారనే రాశాను. నేను మాత్రం పళ్లు కొరుకుతూ రాశాను.

దీన్ని చదివేవాళ్ల కంటే చూసేవాళ్లకు ఇవ్వాలనిపించింది. ధర్మవరం తట్టు తోలుబొమ్మలాట ఆడించే పెద్దాయన ఉండేవాడు. ఆటకు పిలిచేవాళ్లు లేక, తోలుతో దీపాలకు తొడుగులు చేసి అమ్ముకునేవాడు. కథంతా విని ఆయన ఒకే ప్రశ్న అడిగాడు.

"వీళ్లు దేవుళ్లా, రాచ్చసులా సార్?"

"రెండూ కాదన్నా. మనుషులు."

"మనుషులు ఎగరరు గదా."

"ఎగిరే మనుషులు అనుకో."

"అనుకుంటా సరే, పెట్టెలో యాడ పెట్టాల? మా పెట్టెలో దేవుళ్లు ఒక తట్టు, రాచ్చసులు ఒక తట్టు. కలిపితే కొట్టుకుంటారు." కాసేపు గడ్డం గీరుకున్నాడు. "దేవుళ్ల తట్టే పెడతాలే. రాచ్చసులంటే ఎవురూ పిలవరు."

వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్లు అవి. బెళుగుప్ప మండలంలో ఒక పల్లెలో మొదటి ఆట పెట్టాం. కళ్లం మీద తెల్లపంచె తెర కట్టి, పొద్దు మునిగాక మొదలుపెట్టాం. నేను తెర వెనక పెద్దాయన పక్కనే కూర్చున్నాను. మేస్త్రీ బంధువుల పేర్లకు జనం ఈలలు వేశారు. పోలీసుల ఘట్టంలో ముసలివాళ్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. నా పాచిక పారిందనుకున్నాను.

ఐదోవాడు చేతులు జోడించే ఘట్టం వచ్చింది. పెద్దాయన పుల్లలు కదిపాడు. అంతలో బొమ్మ భుజం దగ్గర కీలుకు కట్టిన దారం ముడి ఊడింది. కుడిచెయ్యి గిర్రున తిరిగి, వేలు ఏటవాలుగా కిందికి చూపిస్తూ వేలాడింది. తెర మీద ఆ నీడ గెడంత పొడుగు కనపడింది. పెద్దాయన రెప్ప కూడా వేయలేదు.

"ఇదో నాయనా! ఈ తట్టే ఉండాది గంగ! ఈడ తవ్వు!" అని గొంతెత్తి, మద్దెల మీద దెబ్బ వేయించి, తొంభైలలోకి దూకేశాడు. కళ్లమంతా చప్పట్లు. నేను రాసిన మాట ఒక్కటీ పలకలేదు.

ఆట అయ్యాక నిలదీశాను. "కథను నిలువునా నరికేశావు కదన్నా."

"తెర మీద జరిగింది కథలోకి రావాల సార్. చెయ్యి ఊడిందని జనానికి తెలిస్తే ఆట చచ్చినట్లే. మా నాయన ఆడిస్తాంటే ఒకసారి తలే ఊడింది. శత్రువు నరికినాడని చెప్పి, అప్పటికప్పుడు లేని యుద్ధం పెట్టినాడు. ఆ పొద్దు జనం ఎంత మెచ్చుకున్యారో."

మేము ఊరి బళ్లోనే పడుకున్నాం. తెల్లవారి ఒకామె వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్లం పక్క చేను వాళ్లదే.

"ఏం సార్, మీ బొమ్మ మా ఇంట్లో చిచ్చు పెట్టిందే. మా ఇంటాయప్ప బోరు వేస్తాడంట. ముందు వేసిన మూడూ దుమ్మే. ఇప్పుడు ఎద్దులు అమ్మి నాలుగోది వేస్తాడంట. మీ బొమ్మ వేలు మా చేను మూల పుట్ట తట్టు చూపించిందంట. ఈ పొద్దే ఎద్దుల బేరానికి దలాలి వస్తాడు."

ఆమె ఏడవలేదు. లెక్క చెప్పింది. వాన నేడో రేపో పడొచ్చు. ఎద్దులుంటే ఆ పదునులోనే విత్తనం పడుతుంది. లేకపోతే ఊళ్లో అందరి సేద్యాలూ అయ్యేదాకా ఎవరి కాడి కోసమో కాచుకోవాలి, అప్పటికి పదును ఆరిపోతుంది. వాళ్లకు మిగిలింది ఆ రెండు ఎద్దులే.

నేను చేనికి పరుగెత్తాను. రైతు పుట్ట చుట్టూ సున్నంతో గీత గీస్తున్నాడు. నాకు తెలిసిందంతా చెప్పాను: కింద బండ, ఆ బండ పగుళ్లలో నీళ్లు, ఆ నీళ్లను చుట్టుపక్కల బోర్లన్నీ ఎప్పుడో లాగేశాయి. ఆయన ఓపికగా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు సార్. కానీ నీకు కింద అగుపడదు గదా. ఆయప్పకు అగుపడతాది."

"ఆయప్ప తోలుబొమ్మ. మేక చర్మం."

"కథ రాసింది ఎవురు? నువ్వే గదా? భూమిలోపల చూసేటాయప్ప అని నువ్వే రాస్తివి. ఇప్పుడు నువ్వే కాదంటే ఎట్ల?"

చుట్టూ చేరినవాళ్లు కిసుక్కున నవ్వారు. "సార్‌ను కట్టేసినాడప్పా" అన్నాడొకడు. ఇన్నేళ్లు సభల్లో శాస్త్రులనూ స్వాములనూ ఎదిరించి నిలబడ్డవాణ్ణి, నా వీరుడి చేతిలోనే దెబ్బ తిన్నాను.

తిరిగి బడికి వచ్చి పెద్దాయన మీద పడ్డాను. ముడి ఊడిందని వాళ్లందరి ముందూ చెప్పమన్నాను. ఆయన బొమ్మలు మడిచి పెట్టెలో పెడుతున్నవాడల్లా ఆగాడు.

"జనంలోనా? అంతకంటే పెట్టెకు నిప్పు పెట్టు సార్. ఎన్నేళ్లకో ఒక ఊరు పిలిచింది. ముడి కట్టడం రానోడని పేరు పడితే మళ్లా ఎవురు పిలుస్తారు?"

"నీ పేరు కోసం వాళ్ల ఎద్దులు పోవాలా? ముడి వేసినవాడు చెప్పడు, మాట ఇచ్చినవాడు చెప్పడు, యాభై ఏళ్లుగా ఈ జిల్లాలో జరుగుతున్నది ఇదే. నీకూ, ఓట్లకొచ్చి నీళ్లిస్తామని పోయేవాడికీ తేడా ఏముంది?"

ఆ మాట ఆయనకు తగిలింది. కండువా విదిలించి భుజాన వేసుకుని, చేని తట్టు నడిచాడు. వెనకాలే నేను.

అక్కడ అందరి ముందూ తల వంచుకుని చెప్పాడు. "అప్పా, నిన్న బొమ్మ చెయ్యి దేన్నీ చూపించలేదు. ముడి ఊడింది. తప్పు నాది. అది కప్పిపుచ్చేదానికి నోటికొచ్చింది అన్న్యాను."

హమ్మయ్య అనుకున్నాను. సాక్షి బోనెక్కి నిజం చెప్పాక ఇంక కేసు ఏముంటుంది?

రైతు తాపీగా అడిగాడు. "ముడి ఊడింది, సరే. ఆట మొత్తంలో ఆ నీళ్ల మాట కాడే ఎందుకు ఊడింది? పోనీ, నీ నోట్లో వేరే మాట రాకుండా గంగ అనే ఎందుకొచ్చింది?"

జనం తలలూపారు. "వేలాడే చెయ్యి కిందికి కాక పైకి చూపిస్తుందా?" అని అరిచాను. ఎవరూ వినలేదు. తన మూడు బోర్లూ ఎందుకు ఎండాయో ఆ మనిషి ఏ ఇంజనీరునూ నిలదీయలేదు, ఏ నాయకుణ్ణీ అడగలేదు. ఊడిన ముడిని మాత్రం వకీలులా ప్రశ్నిస్తున్నాడు. ఆ తెలివిని వాళ్ల మీదకు తిప్పి ఉంటే ఈ జిల్లా ఇట్లా ఉండేదా?

అప్పుడు ఆయన భార్య ముందుకొచ్చింది. నా వైపు చూడనే లేదు.

"అన్నా, ముడి ఊడకపోయింటే ఆయప్ప ఏం చెప్పాల్సింది?" అని పెద్దాయనను అడిగింది.

పెద్దాయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. ఛాతీ నిండా గాలి తీసుకున్నాడు. చేతిలో బొమ్మ లేదు, తెర లేదు. అయినా ఆ నోట్లో నుంచి వచ్చింది ఐదోవాడి గొంతే, రాత్రి కళ్లమంతా విన్న గొంతు.

"కింద ఏమీ లేదు నాయనా. మీ నాయన కాలంలో ఉండిన నీళ్లు మనమే తోడేసినాం. ఇంకొక బోరు వేస్తే ఇంకొక బొక్క మిగుల్తాది. నీ బిడ్డలు దాంట్లోకి తొంగి చూస్తారు. నన్ను అడగొద్దు నాయనా, నాకు చీకటే అగుపడతాండాది."

రైతు చేతిలోని సున్నం డబ్బా కింద పెట్టాడు.

"ఈ మాట నిన్న ఎందుకు చెప్పల్యా?"

"చెప్పబోయినాడు. చెయ్యి అడ్డం పడింది" అన్నాడు పెద్దాయన.

"విన్నావా?" అంది ఆమె మొగుడితో. "ఇదీ ఆయప్ప గొంతే. నిన్నటి మాట నమ్మితివి, ఈ పొద్దు మాట నమ్మవా?"

అవి నా మాటలు. అక్షరం పొల్లుపోకుండా నేను రాసినవి. గంట సేపు అవే సంగతులు బండలతో, పగుళ్లతో సహా ఆ మనిషికి విప్పి చెప్పాను. నేను చెబితే గాలికి పోయాయి. తోలు గొంతులో వస్తే శిలాశాసనమయ్యాయి. ఆ రోజు నాకొచ్చిన కోపం ఏ బాబా గద్దె ముందూ రాలేదు. ఇన్నేళ్లకూ అది చల్లారలేదు. నీళ్లున్నాయన్నా వీరుడి మాటే, లేవన్నా వీరుడి మాటే. మనిషి తన నేలను తన కళ్లతో చూసుకుని, తన బుర్రతో తేల్చుకునేది ఎప్పుడు?

అంతలో మోపెడ్ మీద దలాలి వచ్చాడు. చెట్టు కింద కట్టేసిన ఎద్దుల చుట్టూ తిరిగి, ఒకదాని పళ్లు చూడబోయాడు.

"చెయ్యి తియ్యప్పా. అమ్మడం ల్యా" అన్నాడు రైతు.

"నిన్న రాత్రి నువ్వే కబురు పెడితివి గదా?"

"నిన్నటిది వేరే. భూమిలోపల చూసేటాయప్ప వద్దన్యాడు."

"ఎవురప్పా ఆయప్ప?"

నేను ఉండబట్టలేక రెండడుగులు ముందుకు వేశాను. వద్దన్నది ఏ ఆయప్పా కాదు, కింద నీళ్లు లేవు కాబట్టి వద్దు, ఆ కారణం వేరు, ఈ కారణం వేరు అని చెప్పబోయాను. ఆమె నాకూ ఎద్దులకూ మధ్యన వచ్చి నిలబడింది.

"నువ్వు ఊరుకో సార్" అంది, నాకు మాత్రమే వినపడేట్టు. "దలాలి పోనీ ముందు."

నేను ఊరుకున్నాను. దలాలి ఇంకాసేపు బేరమాడి, విసుక్కుని, మోపెడ్ తొక్కి స్టార్టు చేసుకున్నాడు. ఆ చప్పుడు రోడ్డు ఎక్కేదాకా ఆమె అక్కణ్ణుంచి జరగలేదు.