సొన పడిందని రాయించాను

"బాబాయ్‌గారూ! పిన్నిగారి దురద ట్యూబు కౌంటరు మీదే వదిలేశారు!"

మందుల షాపు శీను గొంతు మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినబడింది. నేను బండి తిప్పేలోపే పాలకేంద్రం దగ్గరున్న వాళ్లంతా తలలు తిప్పారు. మా గుమ్మంలో మా ఆవిడ రాజ్యం కూడా నిలబడి ఉంది. మొన్న మంగళవారం సంగతండీ. అక్కడి నుంచి శనివారం దాకా నేను వెలగబెట్టింది వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టి నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. రాజ్యమే నవ్వింది.

ట్యూబు పట్టుకుని లోపలికెళ్లాను. తిడుతుందనుకున్నా. తిట్టలేదు.

"ఇది అయిదోదండీ. ఇంక రాయను" అంది నెమ్మదిగా. "ఒకాయన ఫంగస్ అన్నాడు. ఇంకొకాయన షుగరేమో అన్నాడు, టెస్టు చేయిస్తే లేదు. మీ అక్క వేడి చేసింది అన్నారు. ఆ నర్సమ్మ ముట్లు ఆగాక అందరికీ ఇంతే అంది. దీని పేరేంటో ఒక్కరూ చెప్పరు. పేరు తెలిసేదాకా నేనేదీ రాయను."

రాజ్యానికి యాభై తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా, ఆడవాళ్లు పైకి చెప్పుకోలేని చోట దురద. చర్మం తెల్లబడి, పగుళ్లిచ్చి, ఒంటేలుకెళ్తే మంట. నాకు తెలిసింది దురద వరకే. మిగతావి ఆ రోజే చెప్పింది. చెప్పి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఒకవేళ ఆ జబ్బేమోనండీ" అంది.

ఆ జబ్బంటే ఏదో నాకు తెలుసు. వాళ్లమ్మ దాంతోనే పోయింది.

"శనివారం విజయవాడ పోదాం. స్కిన్ డాక్టరు దగ్గరికి. ఆడ డాక్టరే ఉందో లేదో ముందే కనుక్కుంటాను" అన్నాను.

కనుక్కున్నాను. అక్కడిదాకా బాగానే చేశానండీ.

ఆస్పత్రిలో కార్డు రాసే అమ్మాయి, మైకు అక్కర్లేని గొంతుతో, "పేషెంటు ప్రాబ్లం ఏంటండీ?" అంది. అదే టైముకి వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. ఎవరనుకున్నారు? ఎరువుల కొట్టు రమణయ్య. విస్సన్నపేటలో మా వదినగారి వీధే ఆయనది. వదినంటే రాజ్యం వాళ్ల అక్క. "ఏం బావా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని చూస్తోంది. రమణయ్య చూస్తున్నాడు. నా నోట్లోంచి, "సొనండీ" అని వచ్చింది.

"ఏంటండీ?"

"మామిడి సొన. మా ఆవిడ చేతికి పడింది."

మా వైపు కాయ కోత రోజుల్లో సొన పడి చర్మం కాలని మనిషుండడు. ఇంతకన్నా మర్యాదైన జబ్బు నాకు తోచలేదు.

"ఏ చెయ్యండీ?"

"కుడిది" అన్నాను, చూసినట్టే.

రాజ్యం దూరంగా గోడ పక్కన నిలబడింది. తనకివేవీ వినబళ్లేదు.

డాక్టరమ్మ కార్డు చూసి, రాజ్యం కుడిచెయ్యి పట్టుకుని ముందూ వెనకా తిప్పింది. లైటు వేసింది. భూతద్దం పెట్టింది. రాజ్యం ఇది కూడా పరీక్షలో భాగమే అనుకుని చెయ్యి చాపి బుద్ధిగా ఉంది.

"బాగానే ఉందే. ఎక్కడమ్మా మంట?"

రాజ్యం నా వైపు చూసింది. నేను క్యాలెండరు వైపు చూశాను.

"ఎడమది కూడా చూడండి ఒకసారి" అన్నాను.

ఆవిడ అదీ చూసింది. "సొన ఎప్పుడు పడిందమ్మా?"

"సొనేంటండీ?" అంది రాజ్యం నాతో. అని, నా మొహం చూడగానే అంతా అర్థమైపోయింది తనకి. కొంగు అడ్డం పెట్టుకుని ఒక్క నవ్వు నవ్వింది. తర్వాత కొంగు తీసి, "ఈయన సిగ్గుపడి నా జబ్బుని చేతికి మార్చారమ్మా" అని, ఉన్నదున్నట్టు, ఏ చోటో, ఎన్నాళ్లో చెప్పేసింది. రెండేళ్లు నోరు విప్పని మనిషి.

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమంది.

"ఉండనివ్వండమ్మా" అంది రాజ్యం. "బయటికెళ్తే ఇంకెవరికి ఏం చెప్తారో."

తెర వేశారు. నేను ఇవతల స్టూలు మీద.

"నెలసరి ఆగి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిదేళ్లండీ" అన్నాను.

"మిమ్మల్ని కాదండీ. కూర్చుంటే మంట పుడుతుందా అమ్మా?"

ఈసారి నోరు మూసుకున్నా.

"నాలుగు నెలలుగా నిలబడే తింటున్నానమ్మా" అంది రాజ్యం.

నేనేమో, ఒకపక్క వడ్డిస్తూ ఒకపక్క తినడం ఆవిడ అలవాటే అనుకున్నానండీ. ఒకే ఇంట్లో ఉంటూ.

తెర ఇవతలికొచ్చాక డాక్టరమ్మ, "దీనికి పేరుందమ్మా" అని కాగితం మీద తెలుగులో రాసిచ్చింది. లైకెన్ స్క్లెరోసస్. ఫంగస్ కాదట. శుభ్రత లేక వచ్చేదీ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. ముట్లాగిన ఆడవాళ్లలో తను చూస్తూనే ఉంటుందట.

"క్యాన్సరా?" రాజ్యం సూటిగా అడిగింది.

"కాదమ్మా. అనుమానించేది నాకేమీ కనబడలేదు. అలాగని వదిలేయకూడదు. ఈ ఆయింట్‌మెంట్ నేను చెప్పిన లెక్కలోనే రాయండి. మూడు నెలలకి రండి. తగ్గాక కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి. మానని పుండో గడ్డో కనబడితే మాత్రం వెంటనే రావాలి, చిన్న ముక్క తీసి టెస్టుకి పంపుతాం."

బస్సులో నా తువ్వాలు మడిచి వేసుకుని కూర్చుని, నూజివీడు దాకా ఆ కాగితమే చదివింది రాజ్యం. మనవడి పేరు చదివినట్టు చదివింది.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉంది. లోపల వదినగారు! రమణయ్య ఆస్పత్రి నుంచే ఫోన్ కొట్టాడట. పక్కింట్లో తాళం తీసుకుని పప్పు, గుత్తివంకాయ, చారు చేసి పెట్టింది. "చెయ్యి కాలిపోయిందటగా, ముద్దలు కలిపి పెడదామని వచ్చానే" అంది.

రాజ్యం రెండు చేతులూ చూపించింది. తర్వాత జరిగిందంతా చెప్పింది. వదిన పగలబడి నవ్వుతుందనుకుని తల వంచుకున్నాను. నవ్వలేదు. కాగితం తీసుకుని చాలాసేపు చూసింది.

"దీనికో పేరుందా?" అంది. "నాకు ఆరేళ్లయిందే. నాకొక్కదానికే అనుకున్నా."

రాజ్యం ఆవిడ పక్కకి జరిగి చెయ్యి పట్టుకుంది. "నీదీ ఇదే అవ్వాలని లేదక్కా. చూపించుకుంటే తెలుస్తుంది."

"బుధవారం నేను తీసుకెళ్తాను వదినా" అన్నాను.

"మీరు రండి మరిదిగారూ. కౌంటరు దగ్గర మాత్రం నేను మాట్లాడతాను."

అప్పుడు నవ్వారు ఇద్దరూ. రాజ్యం మంచం మీది దిండు తెచ్చి వేసుకుని కూర్చుంది. వదిన తనకీ ఒకటి అడిగింది. ఇంక వడ్డించడానికి మిగిలింది నేనే కాబట్టి, ముగ్గురికీ అన్నం, పప్పు పెట్టి నేనూ కూర్చున్నాను.