కానుగ నూనె తాగిన అరుగు

నా చిన్నప్పుడు, పులివెందుల దగ్గరి మా పల్లెలో, మా ఇంటి ముందర ఒక బల్లల అరుగు ఉండేది. మా నాయన లారీ డ్రైవరు. లారీకి కొత్త బాడీ కట్టించినప్పుడు పాత మద్ది చెక్కలు ఇంటికి తెచ్చి, తనే కోసి, తనే మేకులు కొట్టి ఆ అరుగు వేశాడు. చెక్క తేనె రంగులో ఉండేది. ఊళ్ళో రెండు పార్టీల వాళ్ళూ దాని మీదే కూర్చుని బీడీలు కాల్చేవాళ్ళు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎర్రగుంట్ల రోడ్డులో ఎవరి మీదో వేసిన బాంబు మా నాయన లారీకి తగిలి ఆయన చనిపోయాడు. ఆయన ఏ పార్టీ మనిషీ కాదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత మా అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. మూడేళ్ళ ఎండకీ వానకీ బల్లలు బూడిద రంగుకి తిరిగాయి.

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీ నాయకుడి మనుషులు పెయింటు డబ్బాతో మా ఇంటికి వచ్చారు. అరుగుకి తమ రంగు పూస్తారట. నాయకుడు దాని మీద నిలబడి, మా నాయన తమ కోసమే ప్రాణమిచ్చాడని చెబుతాడట. బతికున్నప్పుడు ఒక్క టీ తాగించని వాళ్ళు, పోయాక మా మనిషేనంటూ వచ్చారు. మా అబ్బ, అంటే మా నాయన తండ్రి, తల దించుకుని, "సరేలేప్పా. బల్లలు శానా మురికి పట్టినాయి, రెండు దినాలాగండి, కడిగి పెడతా" అన్నాడు. ఇంత పిరికివాడా మా అబ్బ అనుకున్నాను. ఆ పూట అన్నం తినలేదు.

మొదటి రోజు చింతపండు పులుసు పోసి, కొబ్బరి పీచుతో తోమి, బల్లలను ఎండబెట్టాడు. రెండో రోజు గరుకు కాగితం నా చేతికీ ఒకటిచ్చాడు. నేను కసిగా అడ్డంగా రుద్దాను. చెక్క నిండా గీట్లు పడ్డాయి. అబ్బ నా మణికట్టు పట్టుకున్నాడు.

"మ్మే, చెక్కలో గీతలు యాడికి పోతాండాయో ఆడికే రుద్దు. నీ కోపానికి మీ నాయన బల్లలేం చేసినాయి?"

సాయంత్రానికి బూడిద కింద నుంచి తేనె రంగు తేలింది. అప్పుడు అబ్బ కానుగ నూనె తెచ్చి, బల్లలు ఇక తాగలేనంత వరకు గుడ్డతో పట్టించాడు. ఆ నూనె తాగిన చెక్కకి పెయింటు పట్టదని ఆయనకి తెలుసు. నాకు మాత్రం చెప్పలేదు.

మర్నాడు వాళ్ళు వచ్చి రంగు పూసి వెళ్ళారు. ఆ మరుసటి రోజు నాయకుడు అరుగెక్కాడు. పెయింటు ఇంకా జిగటగానే ఉంది. కాలు జారి కూలబడ్డాడు. తెల్ల పంచె నిండా రంగు. ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. అబ్బ పాత గోనెసంచి తెచ్చి బల్లలు తుడిచాడు. రంగంతా ఊడొచ్చింది.

"ఏంది ముసలోడా, ఏం చేసినావు?" అని ఒకడు అరిచాడు.

"నేనేం చేసినాప్పా? మావోనికి ఏ రంగూ అంటల్యా" అన్నాడు అబ్బ.

నాయకుడు ఉపన్యాసం చెప్పకుండానే జీపెక్కాడు. వారం తిరక్కముందే కాపు మీదున్న మా చీనీ తోటలో బత్తాయి చెట్లన్నీ మొదలంటా నరికేశారు. పచ్చి కాయలు నేల మీద ఎండిపోతుంటే అబ్బ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పిరికివాడనుకున్నందుకు ఆ రోజు నా మీద నాకే కోపమొచ్చింది.

పాత సంగతులు మర్చిపొమ్మని చాలామంది చెప్పారు. నేను మర్చిపోలేదు, వాళ్ళని క్షమించనూ లేదు. ఏటా వానలకి ముందు ఆ బల్లలను నేనే రుద్ది నూనె పట్టిస్తాను. మొదట చెయ్యి ఇప్పటికీ అడ్డంగానే పోతుంది. ఆపి, చెక్కలో గీతల వెంట తిప్పుకుంటాను.