ఆఖరి షాట్‌కు అందిన మాట

దయ్యం కథలు చెప్పేవాళ్లను మా ఇంట్లో కూర్చోనిచ్చేవారు కాదు. నేనూ అలాగే పెరిగాను. ఇప్పుడు తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటున్నా ఆ పద్ధతి మార్చుకోలేదు. ఇదీ దయ్యం కథ అని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏడేళ్ల వయసులో నేనొక సినిమాలో నటించాను. ఆ ఒక్కటే. చిత్తూరు దగ్గర మా బంగళాలోనే తీశారు. నిర్మాత మా నాయన. సినిమా వారం కూడా ఆడలేదు. ముందు తోటలు పోయాయి, తర్వాత బంగళా పోయింది. ఇన్నేళ్లకు ఆ సినిమా కుర్రకారుకు దొరికింది. ఫోన్లలో పదేపదే చూస్తున్నారు. ఆఖరి షాట్‌ను టీషర్టుల మీద అచ్చు వేసుకుంటున్నారు.

ఆ షాట్ ఇది. ఇల్లు ఖాళీ చేయించినవాళ్లు తలుపులు మూస్తుంటారు. లోపల మిగిలిపోయిన పిల్లవాడు పక్కకు చూసి, ఏమీ అనకుండా నిలబడిపోతాడు. గొప్ప మౌనం అంటున్నారు. అది మౌనం కాదు. అక్కడ నాకు డైలాగు ఉంది. అదేమిటో నేను ఎవరికీ చెప్పలేదు.

నాకు డైలాగులు గుర్తుండేవి కావు. కెమెరా పక్కన నిలబడి నాయనే మొదటి మాటలు అందించేవాడు, మిగతాది నేను పూర్తి చేసేవాడిని. అప్పట్లో షూటింగ్‌లో శబ్దం రికార్డు చేయలేదు. గొంతులన్నీ తర్వాత మద్రాసులో కలిపారు. ఆ రోజు అటు చూశాను. పడమటి కిటికీ ఎండ కళ్లలో పడింది. నాయన కనిపించలేదు, మాట వినిపించలేదు. అంతటితో ఉన్న ఫిలిం రీలు అయిపోయింది. రెండో టేక్ లేదు.

నాయన ఆ పూట తాగి కారులో పడుకున్నాడని ఊరంతా అన్నారు. ఆయన తాగేవాడు కాదని నేను చెప్పను. పని మీద ఉన్నప్పుడు ముట్టేవాడు కాదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన అక్కడ ఉన్నాడా లేడా అన్నది నాకు తేలకుండానే పోయాడు.

నిరుడు వాసంతి అనే అమ్మాయి ఆ సినిమా మీద, నా మీద డాక్యుమెంటరీ మొదలుపెట్టింది. అప్పట్లో మా డ్రైవరుగా ఉన్న మునిరత్నాన్ని కాణిపాకంలో వెతికి పట్టుకుంది. కొబ్బరికాయల అంగడి ముందు కూర్చుని అతను కెమెరాకు చెప్పాడు.

"దొర యాడుండాడప్పా ఆ పొద్దు? కార్లో పండుకోనుండె. దుప్పటి కప్పింది నేనే గదా!"

వాసంతి అది నాకు చూపించి, "మీరు వద్దంటే తీసేస్తాను సార్" అంది.

"ఉంచండి" అన్నాను. రుజువు లేకుండా బతిమాలుకోవడం మాకు అలవాటు లేదు.

తర్వాత బంగళాలో షూటింగ్. ఇప్పుడది మామిడి గుజ్జు గోడౌను. హాలు నిండా డ్రమ్ములు. కాపలా అతను నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. నేను నిలబడే మాట్లాడాను.

మధ్యాహ్నం పని ముగిశాక, సౌండ్ చూసే ఖాదర్ అందరినీ కదలవద్దన్నాడు. ఎక్కడ తీసినా ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు విడిగా రికార్డు చేసుకుంటారట, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతకడానికి. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. నాకేమీ వినిపించలేదు.

ఖాదర్ హెడ్‌ఫోన్లు తీసి చుట్టూ చూశాడు. "ఎవురన్నా మాట్లాడినారా?"

"నీ కడుపే మాట్లాడింటాదిలే అబ్బా, బిర్యానీ రాలేదు గదా" అన్నాడు కెమెరామన్.

ఖాదర్ నవ్వలేదు. మళ్లీ వేసి అందరికీ వినిపించాడు. చివరికి హెడ్‌ఫోన్లు నాకూ ఇచ్చాడు. బొంగురు మగగొంతు, తొందర లేకుండా అంది:

"తలుపులు వెయ్యొద్దండీ..."

అంతే. కాపలా అతని గొంతేమో అన్నారు. అతను రోడ్డు మీద టీ తాగుతున్నాడు. మళ్లీ రికార్డు చేశారు. ఈసారి ఏమీ పడలేదు. డాక్యుమెంటరీలో ఈ రెండోదే వాడతామని వాసంతి చెప్పింది.

ఆ గొంతు ఎవరిదో నేను వాళ్లకు చెప్పలేదు. మా నాయన పరువుకు గోడౌను గోడల సాక్ష్యం అడగదలచుకోలేదు.

తిరుపతిలో ఒక చిన్న హాల్లో, పొద్దున పూట, డాక్యుమెంటరీ వేశారు. మునిరత్నం ముందు వరుసలో కూర్చున్నాడు. తెర మీద అతని దుప్పటి మాటకు జనం నవ్వారు. నేను కదలకుండా కూర్చున్నాను.

చివర్లో ఆ షాట్ వచ్చింది. తలుపులు మూసుకుంటున్నాయి. పిల్లవాడు పక్కకు చూశాడు. సరిగ్గా అప్పుడు అదే గొంతు వినిపించింది.

"తలుపులు వెయ్యొద్దండీ..."

"నేనింకా లోపలే ఉన్నాను" అన్నాను. పైకే అన్నాను.

జనం వెనక్కి తిరిగి నన్ను చూశారు. మునిరత్నం తిరగలేదు. అతను అప్పటికే లేచి, తెరకెదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మా నాయన ముందు అలాగే నిలబడేవాడు.

బయట నా దగ్గరికి వచ్చాడు. "సిన్నదొరా, దుప్పటి కప్పింది ఇంగో పొద్దేమో. దొర ఆడనే ఉండాడు. ఆ యమ్మికి సెప్పి నా మాట తీపిచ్చెయ్ నాయనా."

"నువ్వే చెప్పుకో" అన్నాను. చెప్పాడట. తీసేశారు.

హాల్లో మేమిద్దరం తప్ప ఎవరూ ఆ గొంతు వినలేదు. అక్కడ వేసిన కాపీని ఖాదర్ మళ్లీ మళ్లీ విన్నాడు. నిశ్శబ్దం తప్ప ఏమీ లేదన్నాడు. ఇద్దరు పెద్దవాళ్లు భ్రమపడ్డారనుకుందాం. మరి గోడౌనులో అందరం విన్నదేమిటి? నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను.

ఆ మొదటి రికార్డింగు ఖాదర్ దగ్గర ఇంకా ఉంది. పంపిస్తానన్నాడు. వద్దన్నాను. నా వంతు మాట నేను చెప్పేశాను.