లొద్దిలో పలికిన గొంతు

దయ్యాల కథలు చెప్పి నన్ను భయపెట్టాలని చూసినవాళ్లు చివరికి వాళ్లే విసుక్కుని లేచిపోయేవారు. మా నాన్న సర్కారు దవాఖానలో కంపౌండరు. మా క్వార్టర్ కిటికీ తెరిస్తే ఎదురుగా శవాల గది. ఆ గది అరుగు మీదే మేం గచ్చకాయలు ఆడుకున్నాం, పరీక్షలకు చదువుకున్నాం. చచ్చిపోయినవాళ్లు ఎంత నెమ్మదస్తులో నాకు చిన్నప్పుడే తెలుసు. భయపెట్టేదంతా బతికున్నవాళ్లే అని నవ్వేదాన్ని.

అలాంటి నేను ఈ సంగతి రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

డెబ్బైల చివర్లో మాట. నాకు పెళ్లయి ఏడాది దాటింది. మా ఆయన జహీరాబాద్ హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పేరు మాణిక్యం. ఇప్పుడు ఇంత సులువుగా రాసేశాను కానీ, అప్పట్లో ఆ పేరు నా నోటి నుంచి వచ్చేది కాదు. మొగుడి పేరు పెళ్లాం పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అత్తమ్మ నమ్మకం. అత్తమ్మదే కాదు, మా వాడకట్టు అందరిదీ. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్లు వస్తే పక్కింటామెను పిలిచి ఆమెతో చెప్పించేదాన్ని. దయ్యాలను నమ్మనిదానివి ఇదెట్లా నమ్మావని అడగొచ్చు. మొగుడి ఆయుష్షుతో పందెం కాయడం ఎవరికి ఇష్టం?

అందుకని ఆయనను "ఇగో, ఇంటున్నరా" అని పిలిచేదాన్ని. ఆయన ముందు ఒకసారి గొంతు సవరించుకుని, "ఆఁ, వస్తున్న" అనేవారు. రోజంతా సుద్దముక్కల పొడి మింగే మనిషి కదా, ఆ సవరింపు లేనిదే మాట వచ్చేది కాదు. ఆయనా నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఓయ్" అంటే నేనే. మా కాపురమంతా ఈ "ఇగో", "ఓయ్"ల మీదే నడిచింది.

మా ఆయనది న్యాల్‌కల్ పక్క పల్లె. కనుచూపు మేర నల్లరేగడి తప్ప ఏమీ ఉండదు. అక్కడ పుట్టిన మనిషికి గుట్ట కనిపిస్తే చాలు, ఎక్కాలనిపించేది. ఆదివారం వచ్చిందంటే సంచి భుజాన వేసుకుని బయలుదేరేవారు. గుట్టలో ఏముందంటే, "పోతేనే కదా తెలిసేది" అనేవారు. నాకూ ఆ పిచ్చి కొంచెం అంటుకుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆయన వెంట బండలెక్కడం అలవాటైంది.

ఆ దీపావళి ముందు మా వదినె వచ్చింది. వదినె అంటే మా ఆయన అక్క, రాయికోడ్‌లో ఇచ్చారు. మామగారు తొందరగా పోతే అత్తమ్మ పొలం పనులకు వెళ్లేది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది వదినెనే. ఆమెకు లోకంలో అందరికంటే తమ్ముడే ఎక్కువ. నన్ను "పిల్లా" అనేది, సరదా పుడితే "మర్దలా" అనేది.

గుట్టల్లో సీతాఫలాలు పండాయని ఆయన చెప్పగానే వదినె కూడా వస్తానంది. బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దగ్గర బస్సు దిగి, బండ్ల బాట పట్టుకుని నడిచాం. ఆ బాట చివర రెండు గుట్టల మధ్య సన్నటి లోయ ఒకటి ఉంది. చుట్టుపక్కలవాళ్లు లొద్ది అంటారు. రెండు వైపులా ఎర్రటి రాయి గోడలా లేచి ఉంటుంది. నడుమ వాగు, వాగు పక్కనే కాలిబాట. వానలు వెనకబట్టిన రోజులు కాబట్టి రాతి గోడల మీద నుంచి ఇంకా నీళ్లు జారుతున్నాయి. అంత అందమైన చోటు జహీరాబాద్‌కు ఇంత దగ్గర్లో ఉందని నాకు తెలియనే తెలియదు.

దొరికిన పళ్లు ఒళ్లో కట్టుకున్నాం. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం తిన్నాం. కొంచెం ముందుకు పోతే బాట రెండుగా చీలింది. కుడివైపుది నిటారుగా గుట్ట మీదికి, ఎడమవైపుది చెట్లలోంచి కిందికి.

"మీరు గీడ్నే కూసోండ్రి," అన్నారాయన. "మీదికెల్లి పోతే సుట్టు తిరిగి మడుగు కాడ దిగొచ్చంటున్నరు. బాట ఉన్నదో లేదో సూసి జల్ది వస్త."

కుడి బాటన ఎక్కిపోయారు. ఆయన తెల్లచొక్కా బండల నడుమ కాసేపు కనబడింది, తర్వాత లేదు.

మేం కూర్చున్నాం. వదినె వాళ్ల ఊరి సంగతులు చెప్పింది. ఆ సంగతులు అయిపోయి, మళ్లీ మొదటికి వచ్చాయి. ఆయన రాలేదు. మబ్బు కమ్మి లొద్దిలో వెలుతురు పలచబడింది. మధ్యాహ్నమే, కానీ పొద్దు గూకినట్టయింది.

వదినె లేచి నోటికి చేతులడ్డం పెట్టి, "మాణిక్యం! ఓ మాణిక్యం!" అని కేకేసింది. రాతి గోడలు ఆ పేరును అటూ ఇటూ విసిరి మాకే తిరిగిచ్చాయి. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ అంతే.

నేనూ లేచాను. "ఇగో! ఇంటున్నరా!" అని గట్టిగా పిలిచాను.

గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత, "ఆఁ, వస్తున్న."

ఎడమ దిక్కు నుంచి, కింది నుంచి. ఆయన గొంతే. ఇంట్లో బావి దగ్గర నుంచి పలికినంత స్పష్టంగా. నా కేక మాత్రం గోడలకు తగిలి తిరిగి రాలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

వదినె మూతి తిప్పింది. "సూసినవా? అక్క పిలిస్తె పలుకడు. పెండ్లం పిలిస్తె పలుకుతడు. చంకనేస్కొని తిప్పినందుకు మంచిగనే చేసిండు!"

ఇద్దరం నవ్వుకున్నాం. చుట్టు తిరిగి మడుగు దగ్గర దిగి ఉంటారనుకుని ఎడమ బాట పట్టాం. నేను ముందు, వదినె వెనుక.

దిగుతున్నకొద్దీ చల్లబడింది. నేల ఎర్రటి బురద. కాస్త దూరం పోయి పిలిచాను. "ఆఁ, వస్తున్న" అని వినబడింది కానీ, గొంతు దగ్గర కాలేదు. మేం దిగినంత మేరా అదీ దిగినట్టుంది. వదినె పేరు పెట్టి పిలిస్తే ఏమీ లేదు. నేను పిలిస్తే వెంటనే పలుకుతోంది. వదినె నవ్వడం మానేసింది. ఆమె ఊపిరి నా వెనక గట్టిగా వినబడుతోంది.

"వస్తున్న అంటడు, వస్తలేడేందే?" అంది మెల్లగా.

నాకు ఆ మాట నచ్చలేదు. కాలు గాని బెణికిందేమో, నడవలేకపోతున్నారేమో అనుకుని ఇంకా తొందరగా దిగాను. చెట్లు దాటగానే ఎదురుగా చిన్న మైదానం. పచ్చటి గడ్డి, చదునుగా ఉంది. దానికి అవతల బండ. గొంతు ఆ బండ దగ్గర నుంచే వస్తోంది. మనిషి కనబడలేదు.

"ఇగో, యాడున్నరు?" అన్నాను.

గొంతు సవరింపు. ఆ తర్వాత ఆ గొంతు నన్ను పేరు పెట్టి పిలిచింది. నా పేరు పిలిచి, "రా" అంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు సంతోషమైంది. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఒక్కసారి నా పేరు పిలిస్తే ఎలా ఉంటుందా అని లోపల్లోపల అనుకునేదాన్ని. అనుకున్నదానికంటే తియ్యగా ఉంది ఆ పిలుపు. నా కాలు దానంతటదే ముందుకు పడింది.

వదినె వెనక నుంచి నా జడ పట్టి గుంజింది. వెనక్కి పడ్డాను. ఒళ్లో పళ్లు జారి ఆ గడ్డి మీద పడ్డాయి. పడి, ఆగలేదు. పచ్చదనం నోరు తెరిచి వాటిని మింగి, మళ్లీ చదునుగా కలిసిపోయింది. అది గడ్డి కాదు, నాచు. కింద మడుగు.

వదినె నన్ను ఇంకా వెనక్కి లాగింది. జడ వదలలేదు.

"పిల్లా, నిజం చెప్పు. మా తమ్ముడు నిన్నెప్పుడన్న పేరువెట్టి పిల్చిండా?"

లేదని తలూపాను.

"అయితే పలికేది వాడు కాదు. నువ్వు వాన్ని పేరువెట్టి పిలువు."

ఆయన ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో తెలియదు. ఉన్న ఆయుష్షును కూడా నా నోటితో నేనే కోసేయాలా? ఏడుపొచ్చింది. "నాతోని కాదు వదినె" అన్నాను.

"ఆయుష్షు సంగతి నేను సూస్కుంట. వాన్ని పెంచింది నేను. పాపం తగిలితే నాకు తగలనీ. పిలువు!"

కళ్లు మూసుకుని, "మాణిక్యం!" అని అరిచాను. గొంతు చీరుకుపోయేలా అరిచాను.

మడుగు దగ్గర ఏ చప్పుడూ లేదు. అప్పటిదాకా అరిచిన పురుగులు కూడా ఆగిపోయాయి. తర్వాత మా వెనక, చాలా ఎత్తు నుంచి, బొంగురుపోయిన కేక వచ్చింది.

"ఓయ్! గీడున్న! మీదున్న! కిందికి పోకుండ్రి!"

ఎలా ఎక్కామో నాకు గుర్తు లేదు. బురదలో మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకెవరి అడుగులూ లేవని మాత్రం గుర్తుంది. వదినె వేలు పెట్టి చూపించింది.

కుడి బాట పైన, రెండు బండల సందులో ఆయన కాలు ఇరుక్కుని ఉంది. కింద వాగు దాకా నేరుగా లోతు. ఒకరు ఆయన నడుము పట్టుకుని, ఒకరు రాయి కదిపి కాలు బయటికి తీశాం. చీలమండ గుమ్మడికాయలా వాచింది. వదినె ఆయన ముఖమంతా తడిమి తడిమి చూసింది. నేను ఆ బండ మీదే కూలబడి బావురుమన్నాను.

తమ్ముడు చెప్పింది వినగానే వదినె కూడా నా పక్కన కూలబడింది.

"అక్క పిలిసినప్పుడల్ల నేను పలికిన. మీకినబడలే. నీ మర్దలు పిలిసినప్పుడు నేను పలికేలోపే ఇంకెవరో పలికిన్రు. నా గొంతే. నేనే అంటున్ననేమో, దెబ్బకు దిమాగ్ పోయిందేమో అని చెయ్యితోని నోరు మూస్కొని సూసిన. అయినా ఆ గొంతు పలికింది."

ఆయన సైన్సు మాస్టారు. ప్రతిధ్వని గురించి పిల్లలకు పాఠం చెప్పే మనిషి. ఇంటికొచ్చాక నల్లబల్ల మీద గీసినట్టు కాగితం మీద లొద్ది బొమ్మ గీసి, గొంతు ఎక్కడ తగిలి ఎక్కడికి పోయి ఉంటుందో లెక్కలు వేశారు. నోటికి అడ్డంపెట్టుకున్న చేయి దగ్గరికి రాగానే ఆ లెక్క ఆగిపోయేది. కాగితం చింపేసేవారు.

కాలు మానాక చిరాగ్‌పల్లి హోటల్లో కూర్చుని ఊరివాళ్లను అడిగారు. అక్కడ ఎవరైనా మునిగి చనిపోయారా, ఏదైనా కథ ఉందా అని. ఏమీ లేదన్నారు. గొర్లు కాసేవాళ్లు రోజూ పోతారట, ఎవరికీ ఏమీ కాలేదట. ఏదో ఒక కథ ఉంటే బాగుండేది. నిందించడానికి ఒక పేరన్నా దొరికేది.

నేను ఆయన పేరు పలికానని తెలిసి అత్తమ్మ చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వదినె అడ్డం నిలబడి, "నేనే పిలిపించిన, అంటె నన్ను అను" అంది. ఆ తర్వాత నేను "ఇగో" అనడం పూర్తిగా మానేశాను. వంటింట్లోంచి పిలిచినా "మాణిక్యం" అనే పిలిచేదాన్ని. వాడకట్టులో నవ్వారు, చెవులు కొరుక్కున్నారు. నవ్వనీ. పేరు లేకుండా పిలిస్తే ఎవరైనా పలకొచ్చని నాకు తెలుసు. ఆయనకు జ్వరం వచ్చిన ప్రతిసారీ, నా నోటి వల్లేనా అని వణికిపోయేదాన్ని. అయినా మానలేదు.

ఆయనకు చెప్పనిది ఒకటి మిగిలింది. మడుగు దగ్గర గొంతు చివర నన్ను పేరు పెట్టి పిలిచిందని నేనూ చెప్పలేదు, వదినె కూడా చెప్పలేదు. ఆయన అంత పై నుంచి ఆ మాట వినలేదు. ఆ రోజు లొద్దిలో మేం ముగ్గురం ఎన్నో మాటలాడుకున్నాం. నా పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. "పిల్లా" అన్నారు, "మర్దలా" అన్నారు, "ఓయ్" అన్నారు. మరి దానికి నా పేరు ఎలా తెలిసింది? ఎంత ఆలోచించినా నాకు దారి దొరకదు. అందుకే ఇక్కడ కూడా రాయలేదు.

ఎనభైలు సగం గడిచేసరికి కాలం మారింది. మా వీధిలో కొత్తగా దిగిన బ్యాంకు ఉద్యోగి భార్యను పేరు పెట్టి పిలిచేవాడు, వినడానికి బాగుండేది. ఒకరోజు సాయంత్రం మా ఆయన చాయ్ తాగుతూ నవ్వారు.

"నువ్వు నన్ను పేరువెట్టి పిలువవట్టి ఇన్నేండ్లాయె. నేను మాత్రం ఓయ్ అనుడేంది? ఇయ్యాల్టి సంది నేను గూడ పేరుతోనే పిలుస్త," అని గొంతు సవరించుకున్నారు.

గ్లాసు పడేసి ఆయన నోటికి నా చేయి అడ్డం పెట్టాను. ఆయన నా కళ్లలోకి చూశారు. మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు. నేటికీ నన్ను "ఓయ్" అనే పిలుస్తారు.

ఆయన గొంతులో నా పేరు నేను ఒక్కసారే విన్నాను. పిలిచింది ఆయన కాదు.