చుక్కల తరగతికి తాళం

మా తెలుగు టీచర్ పోయారన్న కబురు బడి వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద బడివాళ్ల సంతాపం: "సాహిత్యాన్నీ ఖగోళాన్నీ కలిపి బోధించిన మార్గదర్శి." ఏడుపు తరవాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది.

నాచారంలో మా బడి. చలికాలం సాయంత్రాలు ఆమె మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లేవారు. "మీ నానమ్మలు గీ చుక్కలను ఏమంటరో అడిగి రాన్రి" అనేవారు. నేను కృత్తికల గుంపుకు 'పిల్లలకోడి' అన్న పేరు తెచ్చాను. ఆమె మురిసిపోయి మాచేత కోడినీ పిల్లలనూ గీయించారు, పాట కట్టించారు. అప్పుడు చెప్పారు: "గవన్నీ ఒక్క ధూళిమబ్బుల పుట్టినయే. మీ నానమ్మ ఊకెనే అనలే." లెక్కలంటే వణికే నాకు ఆ రోజు ఆకాశం నా ఇంటిదే అనిపించింది.

ఒకరోజు డైరెక్టర్ క్లాసుకే వచ్చి, మా ముందే అన్నాడు: "మేడం, మీరు తెలుగు చెప్పున్రి, చాలు. చుక్కల సంగతి ఫిజిక్స్ సార్ సూసుకుంటడు."

"చుక్కలకు తెల్వదు సార్, అవి ఏ పీరియడ్ల ఉన్నయో" అన్నారామె, నవ్వుతూనే.

ఆ వారమే డాబా తలుపుకు తాళం పడింది. ఆమె పీరియడ్లు ఐఐటీ ఫౌండేషన్‌కు పోయాయి. ఏడాది చివర ఆమెనే వద్దన్నారు. తల్లిదండ్రుల్లో ఒక్కరూ నోరెత్తలేదు. ఆమె మాత్రం ఆదివారాలు కాలనీ పార్కులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, జబ్బు పడేదాకా చెబుతూనే ఉన్నారు. దవాఖానాకు బడి నుంచి ఎవరూ రాలేదు.

సంతాపసభ మాత్రం ఉప్పల్‌లో, ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో, దానికన్నా పెద్దగా బడి పేరు, అడ్మిషన్ల ఫోన్ నంబరు. డైరెక్టర్ "మా బడికి గర్వకారణం" అంటుంటే లేచాను.

"డాబాకు తాళం ఎవలేసిన్రు సార్?"

"గిప్పుడు గవన్నీ ఎందుకమ్మా?"

"ఆమె బతికుండంగ చెప్పని జవాబు, జర ఇప్పుడన్న చెప్పున్రి."

అతను వెంటనే మౌనం పాటిద్దామన్నాడు. ఆ మౌనం ఆమె కోసం కాదు, నా నోటికి.

తరవాత టీచర్ భర్తను పిలిచి శాలువా కప్పారు. రైల్వేలో రిటైరైన మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగడు. శాలువా తీసి మడిచి డైరెక్టర్ చేతిలో పెట్టాడు.

"ఆమె శాలువా అడగలే సార్. తాళంచెవి అడిగింది."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేనూ వెంట పరుగెత్తాను. మెట్రో పిల్లర్ల పక్కన సన్నటి నెలవంక. ఆయన రోడ్డు మధ్యలోనే ఆగి తలెత్తి చూస్తున్నాడు. హారన్లు. "ఓ పెద్దాయనా, జరుగు!" అని ఎవడో అరిచాడు. నేను ఆయనకు అడ్డంగా నిలబడి, వచ్చే ఆటోలకు చెయ్యి చాచి ఆపాను. ఆయన చూసినంతసేపూ ఆ చెయ్యి దించలేదు.