నాన్న లారీకి నేను పూసిన పచ్చ

మా నాన్న మిలిటరీలో పద్దెనిమిదేళ్ళు లారీ తోలాడు. ఆ లారీ గురించి మా ఊరు పాతపాళ్య టీ అంగడిలో ఎవరడిగినా చెప్పేవాడు. మంచులో చక్రాలకు గొలుసులు ఎలా చుట్టేవాళ్ళో, ఘాట్‌లో గేరు జారితే ఏం చేసేవాళ్ళో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. నేను దగ్గరికి పోతే మాత్రం వానల సంగతి ఎత్తుకునేవాడు. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి.

కారణం నాకు తెలుసు. పందొమ్మిదో ఏట నన్ను బెంగళూరుకు మిలిటరీ భర్తీకి తీసుకుపోయాడు. పరుగులో నెగ్గాను. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. చివర్లో ఒక డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, ఏ అంకె కనబడుతోందని అడిగాడు. నాకు చుక్కలే కనబడ్డాయి. పేజీ తిప్పాడు, మళ్ళీ చుక్కలే. నాకు ఎరుపూ పచ్చా తేడా తెలియదని కాగితం మీద రాసి బయటికి పంపేశాడు. పొద్దున్నుంచి గేటు బయట ఎండలో నిలబడ్డ నాన్నకు ఆ మాట చెప్పాను.

"పచ్చ ఏదో ఎరుపు ఏదో తెలీనోడు లోకంలో ఎవుడన్నా ఉంటాడా?" అన్నాడు. "పోను ఇష్టం లేదని చెప్పు. సాకులు చెప్పొద్దు."

బాగేపల్లిలో బస్సు దిగేదాకా నాతో మాట్లాడలేదు. ఊరు చేరాక టీ అంగడిలో, "మావాడు భయపడి తిరుక్కోని వచ్చేసినాడు" అన్నాడట. అప్పట్నుంచి ఊళ్ళో నా పేరు పరిగెత్తొచ్చినోడు. పరుగులో నెగ్గినవాడికి ఆ పేరు రావడం న్యాయమేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, ఊరికి పోవడం మెల్లగా తగ్గించేశాను. చదువుకుని చింతామణిలో హైస్కూలు లెక్కల మేష్ట్రునయ్యాను. బోర్డు నల్లగా, సుద్దముక్క తెల్లగా ఉండే ఉద్యోగం కాబట్టి నా లోపం ఎవరికీ తెలియాల్సిన అవసరం పడలేదు. అమ్మ పోయాక నాన్న మా ఇంటికొచ్చి ఉన్నా, ఆ భర్తీ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

రెండేళ్ళ కిందట నా ఫోనులో ఎవరో చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు అతికించి మిలిటరీ బండ్లు చేస్తున్న వీడియోలు చూశాను. చూసిన కొద్దీ చెయ్యి దురద పెట్టింది. చిన్నప్పుడు నాన్న సెలవు మీద వచ్చే ముందు నేను అగ్గిపెట్టెలకు జొన్నబెండు చక్రాలు గుచ్చి లారీ చేసి పెట్టేవాణ్ణి. ఆయన ట్రంకుపెట్టె దించగానే అందులోంచి డీజిలూ నాఫ్తలీన్ గుళికలూ కలిసిన వాసన వచ్చేది. నా అగ్గిపెట్టె లారీని అరచేతిలో పెట్టుకుని, "లోడు ఎంత తీసుకుంటాది?" అని నిజం డ్రైవరును అడిగినట్టే అడిగేవాడు. ఆ మాట కోసం ఏడాదంతా ఎదురు చూసేవాణ్ణి. అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా, ఆయన నోటి నుంచి లారీ మాట వినాలన్న కోరిక నాకు పోలేదు. అందుకే కిట్టు తెప్పించాను.

నాన్న తోలిన లారీకి అచ్చమైన కిట్టు దొరకలేదు. దానికి దగ్గరగా ఉండే విదేశీ లారీ వచ్చింది, జానెడు పొడవు కూడా లేదు. పెట్టె విప్పితే సీతాఫలం గింజంత ముక్కలు వందల్లో ఉన్నాయి. ఆదివారం పొద్దున ముందుగదిలో కిటికీ కింద చాప వేసుకుని కూర్చున్నాను. గోళ్ళు కత్తిరించే కత్తెరతో ముక్కలు విడదీశాను, గరుకు కాగితంతో రుద్దాను. మొదటిరోజే జిగురు కారి నా బొటనవేలి ముద్ర బానెట్ మీద శాశ్వతంగా పడిపోయింది. ఒక హెడ్‌లైటు ఎగిరిపోతే ఇల్లంతా దేవులాడాం. చివరికి మా ఆవిడ చేటలో కందిపప్పుతో పాటు దొరికింది. లెక్కల మేష్ట్రునన్న మాటే గానీ స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలు సరిగ్గా బిగించడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

నాన్న గుమ్మం దగ్గర కుర్చీలో పేపరు చదువుతున్నట్టు నటించేవాడు. రెండో ఆదివారం పేపరు వెనక నుంచి అన్నాడు.

"స్టీరింగు ఎడమ పక్క ఉండాది."

"కిట్టులో అట్లే ఇచ్చినారప్పా."

"వాళ్ళిచ్చినారని నువ్వు పెట్టేస్తావా? ఎడమ పక్క కూర్చోని ఎట్ల తోలేది?"

నేను ఆయన్ను అప్పా అంటాను, ఆయన నన్నూ అప్పా అనే అంటాడు. మా పక్క మగవాళ్ళందరూ అప్పలే. స్టీరింగు పీకి కుడివైపు పెట్టాను. అది పెట్టిన తీరు నచ్చక, నాన్న కుర్చీ దిగి చాప మీదికి వచ్చాడు. ఆ తరువాత మళ్ళీ కుర్చీ ఎక్కలేదు.

ఆ ఆదివారాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. నేను ముక్కలు అతికిస్తుంటే నాన్న లారీ కథలు చెప్పేవాడు. చలికి డీజిలు గడ్డకట్టిన కథ, కొండదారిలో వెనక్కి తీసుకోలేక రెండు లారీలు ఎదురెదురుగా ఒక పూటంతా నిలబడ్డ కథ, ఏ ఊరివాడో కూడా తెలియని డ్రైవరు తన రొట్టెల్లో సగం ఇచ్చిన కథ. ఊరంతా విన్న కథలే. నాకే కొత్తవి. ఒకసారి మాట మధ్యలో ఆగి, "నువ్వు చేరింటే నీకే తెలిసేది" అన్నాడు. నేను తలెత్తలేదు. మా ఆవిడ రెండు లోటాల్లో కాఫీ తెచ్చి పెట్టి, "తండ్రీ కొడుకులు బొమ్మలాటకు కూర్చున్నారు, సంసారం నేను చూసుకుంటాలే" అని పోయింది.

బండి నిలబడ్డాక రంగు మిగిలింది. స్కూలు పని మీద చిక్కబళ్ళాపురం పోయినప్పుడు స్టేషనరీ అంగడిలో రంగు ట్యూబులూ రెండు కుంచెలూ కొన్నాను. కలిపే పని నాన్నే తీసుకున్నాడు. పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో పచ్చ ట్యూబు పిండి, నలుపు చుక్క వేసి, పసుపు వేసి, మళ్ళీ నలుపు వేసి, "ఇంగొంచెం... ఇంగొంచెం... ఇదీ" అన్నాడు. ఆ పచ్చను చిన్న గాజు సీసాలో పోశాడు. వెనక చెక్క పలకలకు చాక్లెట్ రంగు కలిపి, అలాంటిదే ఇంకో సీసాలో పోశాడు. ఆయన చూడకుండా నేను రెండు మూతల మీదా ప్లాస్టరు ముక్క అంటించి, ఒకదాని మీద 'బండి' అనీ, ఇంకోదాని మీద 'చెక్క' అనీ రాసుకున్నాను. పేరు చూసి ముంచితే తప్పు జరగదని నా ధైర్యం.

ఇంతలో దసరా వచ్చింది. నాన్న పండక్కి బాగేపల్లిలో మా చెల్లెలి ఇంటికి పోయాడు. ఆయన తిరిగి వచ్చేసరికి బండి పూర్తిచేసి చూపించాలని నా పంతం.

ఆయుధపూజకు మా ఇళ్ళల్లో పనిముట్టు అన్నది ఏదీ వదలం. కత్తిపీట, మిక్సీ, కుట్టుమిషను, నా స్కూటరు అన్నీ కడిగి, బొట్లు పెట్టి, పూజ చేస్తాం. ఆ రోజంతా దేన్నీ ముట్టుకోం. ఈసారి మా ఆవిడ నా కుంచెలూ సీసాలూ కూడా దేవుడి ముందు పెట్టింది. మురికిగా ఉన్నది దేవుడి ముందు పెట్టకూడదని, ముందు వాటిని తడిబట్టతో గట్టిగా తుడిచి ప్లాస్టర్లు ఊడదీసింది. రెండు మూతల మీదా విభూతి గీతలు పెట్టి, కుంకుమ అద్దింది. మరునాడు బొరుగులు తింటూ సీసాలు తీసుకోబోతే రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

ఏది పచ్చ అని ఆమెను అడిగితే అయిపోయేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నా లోపం సంగతి చెప్పాను, ఆమె నమ్మింది, మరచిపోయింది కూడా. కానీ ఆ తరువాత ఆ మాట ఎత్తడానికి మళ్ళీ నోరు రాలేదు. నాకు పొగరు కూడా ఎక్కువే. రెండు సీసాలూ ఎండలో పెట్టి అటూ ఇటూ చూశాను. ఒకటి కొంచెం ముదురుగా కనిపించింది. మిలిటరీ పచ్చ ముదురుగానే ఉంటుంది కదా అనుకున్నాను. మూత తీసి, నీళ్ళు కలిపి, పలుచగా ఒక కోటింగు వేశాను. ఆరాక రెండోది వేశాను. కుంచె గీతలు కనబడకుండా ఒకే వైపుకు లాగుతూ, ఊపిరి బిగబట్టి వేశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. రెండు రోజులూ మా ఆవిడ పక్కనుంచి పోతూ చూసింది గానీ ఏమీ అనలేదు.

నాన్న మూడోరోజు మధ్యాహ్నం వచ్చాడు. సంచి కింద పెట్టకముందే కిటికీలో బండి చూశాడు.

"కింది కోటింగు బాగా వచ్చినాది. అసలు రంగు ఎప్పుడు వేస్తావు?"

"వేసేసినా గదప్పా. నువ్వు కలిపిందే. రెండు కోటింగులు."

నాన్న బండిని చేతిలోకి తీసుకుని గుమ్మం బయట వెలుతురులోకి పోయాడు. బండిని చూశాడు, నన్ను చూశాడు. నేను పరాచికాలాడుతున్నానేమో అని చూసినట్టుంది. తరువాత లోపలికొచ్చి, మిగిలిన సీసా తెరిచి, అగ్గిపుల్ల ముంచి, బండి తలుపు మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఇప్పుడు ఏమి కనపడ్తాది?"

"తడిగా ఉండాది."

ఆయన కింద కూర్చున్నాడు. బండిని మోకాలి మీద పెట్టుకుని, నోటితో ఊదుతూ గీత ఆరేదాకా ఆగాడు.

"ఇప్పుడో?"

నేను కళ్ళు చిట్లించి తలుపు అంతా వెదికాను. గీత ఎక్కడ పెట్టాడో నాకు తెలుసు. అక్కడ నాకు తలుపు తప్ప ఏమీ కనబడలేదు. బండికి చెక్క రంగు పూశానని అప్పుడు అర్థమైంది.

"ఏమీ లేదప్పా" అన్నాను.

కాఫీ తెచ్చిన మా ఆవిడ అది విని, "అయ్యో, గేట్లకు కొట్టినట్ల ముందు రెడ్ ఆక్సైడు వేస్తాండారు అని నేను అనుకున్నా మామా. పచ్చ పైన వేస్తారేమో అని ఊరకుండినా" అంది. నాన్న ఆమె వైపు చూడలేదు.

"భర్తీ పొద్దు ఆ డాక్టరు పుస్తకంలో గూడా ఇట్లేనా?"

"ఇట్లేనప్పా."

"నువ్వు చెప్తివి. నేను నమ్మలేదు." బండిని మెల్లగా కింద పెట్టాడు. "నీ చిన్నప్పుడు టమేటా తోటలో పచ్చికాయలు కోసినావని కొడితిని. అది గూడా ఇదేనా?"

"అదీ ఇదేనప్పా."

మా నాన్న కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు. ముప్పై ఏళ్ళుగా ఆయన మీద నాకున్న కోపం ఎంతో నాకే తెలియదు. అది ఆ నిమిషంలో తెలిసింది, ఆ నిమిషంలోనే పోయింది. కాఫీ చల్లారిపోయింది.

కాసేపటికి, రంగు మార్చేస్తాను, ఆ సీసా ఇవ్వమని చెయ్యి చాపాను. నాన్న మూత బిగించి సీసాను జేబులో వేసుకున్నాడు.

"వద్దు. ఆదివారం దీన్ని తీసుకోని పాతపాళ్యకు పోదాము."

చెప్పుల పెట్టెలో పాత పంచె ముక్క పరిచి, బండిని అందులో పెట్టుకుని, బస్సులో ఒడిలో నుంచి దించకుండా తెచ్చాడు. టీ అంగడి బెంచీ మీద పెట్టాడు. ఆయన ఈడువాళ్ళు నలుగురైదుగురు చేరారు. స్టీరింగు చూశారు, స్టెప్నీ ముట్టుకున్నారు. ఒకాయన అడిగాడు.

"అంతా బాగుండాదప్పా. మిలిట్రీ బండికి ఈ రంగేమిటికి?"

"మావాడు పూసినాడు" అన్నాడు నాన్న. "వానికి పచ్చా, ఇదీ ఒగటే. పుట్టినప్పట్నుంచీ అంతే. అందుకే భర్తీలో తీసుకోలేదు." అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, మెల్లగా చెప్పాడు. "వాడు భయపడి రాలేదు. నేనే మీకందరికీ అబద్ధం చెప్పినా."

అంగడాయన నాకు టీ గ్లాసు అందించాడు. నేను నాన్న పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆయన వానల సంగతి ఎత్తలేదు. మంచులో చక్రాలకు గొలుసులు చుట్టిన కథ మొదటినుంచీ, నా వైపు తిరిగి, చెప్పడం మొదలుపెట్టాడు.