ఏ బాయీ మూయనియ్య

మా ఎమ్మెల్యే గారి వారం ముచ్చట రాసేది నేనే. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని మొదటి రోజే అన్నారు. వారం తిరక్కముందే మార్కెట్టులో టమాటాలు అమ్మే ఆమెకు కూడా తెలిసిపోయింది. "టీచరమ్మా, మా గల్లీల మోరీ సంగతి గూడ రాయరాదు" అంటూ తూకం అయ్యాక నాలుగు టమాటాలు ఎక్కువ వేసింది. నేను వద్దనలేదు. ఆ మురుగు కాలువ గురించి రాశాను కూడా.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి గోదావరిఖనిలో మందుల దుకాణం పెట్టారు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను కానీ మా ఇంట్లో తెలుగు మాత్రం అక్కడిదే ఉండిపోయింది. చాలా ఏళ్లు బడిలో ఆ తెలుగే పాఠం చెప్పాను. బడి మానేశాక ఎమ్మెల్యే ఆఫీసులో ఈ పని దొరికింది. ప్రతి ఆదివారం పొద్దున నియోజకవర్గంలోని ఫోన్లకు ఆయన గొంతుతో ఒక సందేశం వెళుతుంది. ఏ కాలనీకి నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఏ రోడ్డు మీద గుంతలు పూడ్చారు, కళ్ల పరీక్షలు ఏ దవాఖానలో, రేషన్ కార్డుకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. నేను దానికి "ప్రజా సమస్యల వారపు నివేదిక" అని పేరు పెట్టి తీసుకెళ్లాను. ఆయన చదివి నవ్వారు.

"గిది ఎవడింటడు టీచరమ్మా? పరీక్ష పేపర్ లెక్కున్నది. వారం ముచ్చట అని పెట్టు."

ఒళ్లు మండింది గానీ పెట్టాను.

పేరుతో ఆగితే బాగుండేది. నేను రాసింది ఆయన రాసినట్టు చదవరు. "నిర్వహించబడును" అని రాసిస్తే "పెడుతున్నం" అంటారు. "సద్వినియోగం చేసుకోగలరు" అన్నచోట "జల్ది పోయి సూపిచ్చుకోండ్రి" అంటారు. నా సమాసాలన్నీ ఆయన నోట్లో నలిగి పిండి అయ్యేవి. కొన్నాళ్లు ఉక్రోషపడ్డాను. కానీ జనం వింటున్నారు, అది ఒప్పుకోక తప్పదు. అందరికంటే శ్రద్ధగా వినేది మా ఎదురింటి అవ్వ.

అవ్వకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటితో చూస్తే అంతా పొగలో ఉన్నట్టే. అయినా రోజూ గోడ పట్టుకుని గల్లీ చివర కిరాణా దుకాణం దాకా వెళ్లి, అక్కడి అరుగు మీద తన ఈడు ఆడవాళ్లతో కూర్చునేది. ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగినా ఆ అరుగు మీద తీర్పు అయిపోయేది. గల్లీ మలుపులో ఎవరూ వాడని పాత నీళ్ల బావి ఒకటి ఉంది. పోయిన వానల్లో దాని గట్టు కూలింది. ఇప్పుడది నేలకు సమంగా నోరు తెరుచుకుని ఉంది, చుట్టూ పిచ్చిమొక్కలు. ఒకరోజు అవ్వ ఇంకో అడుగు వేస్తే అందులో పడేదే, దారిన పోయే పాలాయన చెయ్యి పట్టి గుంజాడు.

ఆ రోజు నుంచి కోడలు పనికి పోతూ పోతూ బయట గొళ్లెం పెడుతోంది. ఆమె చెడ్డది కాదు. హాస్టల్‌లో వంట పని, పోకపోతే గడవదు. "ఏం జెయ్యాలె అక్కా, పడ్డదంటే నేనెట్ల బతకాలె?" అని నా దగ్గర ఏడ్చింది. అవ్వ మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని నాతో అనేది, "బాయిల వడితే ఒక్కసారే సస్తుంటి బిడ్డా. గిదేమో దినాం ఇంత ఇంత సంపుతున్నది."

మొదట్లో ఇద్దరమూ నవ్వుకున్నాం. తర్వాత తర్వాత అవ్వ నన్ను పిలవడం తగ్గించింది. ఒకరోజు మధ్యాహ్నం వెళ్తే తల కూడా దువ్వుకోకుండా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నాకు భయం వేసింది. అంత పెద్ద నోరున్న మనిషి అలా ఊరుకుంటే చూడలేకపోయాను.

ఆఫీసులో ఆ బావి గురించి పోరు పెట్టాను. ఫైలు ఎక్కడుందో వెతికించాను, మున్సిపాలిటీ వాళ్లను పిలిపించాను, చివరికి సరేననిపించాను. ఆ వారం ముచ్చటలో చక్కగా రాశాను: "మన కాలనీ మలుపులో ప్రమాదకరంగా ఉన్న పాత నీటి బావిని వచ్చే వారం మూసివేస్తున్నాము."

ఇక్కడ బావిని బాయి అంటారు. బొగ్గు గనినీ బాయే అంటారు. డ్యూటీకి పోయిన మనిషి గురించి అడిగితే "బాయికి పోయిండు" అంటారు. పైగా ఊరి పక్క గనుల్లో అన్నిటికంటే ముందు తవ్విన దాన్ని అందరూ పిలిచే పేరు "పాత బాయి". అవ్వ కొడుకు పని చేసేది అందులోనే.

ఆదివారం పొద్దున అవ్వ మొహం చూద్దామని పనిగట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. కొడుకు రాత్రి షిఫ్టు దిగి వచ్చి సర్వపిండి తింటున్నాడు. కోడలు మంచం మీద ఫోను పెట్టింది. నీళ్లు, రోడ్లు అయ్యాయి. ఎమ్మెల్యే గారు గొంతు సవరించుకుని, నా వాక్యాన్ని ఎప్పటిలాగే నమిలి, ఇలా అన్నారు: "ఇంకో ముచ్చటేందంటే, పాత బాయిని వచ్చే వారం మూసేస్తున్నం."

అవ్వ చప్పట్లు కొట్టింది. కొడుకు చేతిలో ముక్క నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"బాయి మూసుడేంది? మేమంత ఏడికి పోవాలె? గంత దూరం గోలేటి బాయిలకు బదిలీ ఏస్తరా?"

గని మూయాలన్నా తెరవాలన్నా కంపెనీ పని, ఎమ్మెల్యేది కాదు. అది అతనికీ తెలుసు. కానీ ఎమ్మెల్యే నోట ఆ మాట వచ్చిందంటే లోపల ఏదో అయిపోయే ఉంటుందని అనుమానం. "తమ్ముడూ, అది నీళ్ల బావయ్యా!" అని నేను అరిచేసరికి అతని బండి మలుపు దాటింది.

మధ్యాహ్నానికి ఆఫీసు ముందు రోడ్డు నిండిపోయింది. షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కాల్సినవాళ్లు, జెండాలు, ఒక డప్పు కూడా. ఎమ్మెల్యే గారు చెమటలు తుడుచుకుంటూ బయటికి వచ్చి మైకు అందుకున్నారు. "అన్నలారా, పాత బాయి ఎవడు మూస్తడు? నేనున్నంతకాలం మూయనియ్య!" ఈలలు మోగాయి. నేను వెనక నుంచి తోసుకుంటూ వెళ్లి ఆయన చెవిలో, "నీళ్ల బావి సార్, నీళ్ల బావి" అన్నాను. నేను ఇంకో పాయింటు అందిస్తున్నానని ఆయన అనుకున్నారు.

"నీళ్ల బాయి గూడ! బొగ్గు బాయి గానీ, నీళ్ల బాయి గానీ, ఏ బాయీ మూయనియ్య! ఇది నా మాట!"

అందరికంటే గట్టిగా జై కొట్టింది అవ్వ కొడుకు.

సాయంత్రం అతను మొహం వెలిగిపోతూ ఇంటికి వచ్చి జరిగిందంతా తల్లికి చెప్పాడు. అవ్వ అంతా వింది.

"నీ బాయి నీకున్నది బిడ్డా, మంచిగైంది. మరి నా బాయి?"

అప్పుడు గానీ అతనికి వెలగలేదు. అలాగే గడప మీద కూలబడ్డాడు. కోడలు లోపలికి వెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టసాగింది. నాకు ఎమ్మెల్యే మీద ఎంత కోపం వచ్చిందంటే, మర్నాడు నమస్కారం కూడా చెప్పకుండా ఆయన గదిలోకి వెళ్లాను.

"నేనేం జెయ్యాలె టీచరమ్మా? గంతమంది ముందట మాటిచ్చిన. అవతలి పార్టోళ్ల ఫోన్లల్ల వీడియో ఉన్నది. మూసుడు అన్న మాట ఇగ మన ముచ్చటల రావొద్దు."

"పూడుస్తున్నాం అందామా సార్?"

"పూడ్సుడంటే శవాన్ని పూడ్సినట్టుంటది."

"మూత వేస్తున్నాం?"

"గదే మాటకు తోక కోసినవ్."

ఇన్నేళ్లు పిల్లలకు పర్యాయపదాలు బట్టీ పట్టించిన దాన్ని, నాకు ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. రెండు ఆదివారాలు ఉత్తగా పోయాయి. అవ్వ కిటికీ దగ్గరికి రావడమే మానేసింది.

అవ్వ కొడుక్కి మాత్రం మనసు మనసులో లేదు. ఒక సాయంత్రం మా మెట్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే, మాట మార్చడానికి, గనిలో దిగగానే మొదట ఏం చూసుకుంటారని అడిగాను.

"కప్పు అక్కా. తలకాయ మీద కప్పు గట్టిగున్నదా లేదా అని. కప్పు మంచిగుంటే బాయి మంచిగున్నట్టే."

నేను లేచి నిలబడ్డాను. అతను బిత్తరపోయి తనూ లేచాడు.

మర్నాడు ఎమ్మెల్యే గారు నా కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నారు. "మూసుడైతే లేదు గదా?"

"లేదు సార్. కప్పు వేయడమే."

"కప్పు మంచిదే."

గల్లీ పేరుతో సహా చదివేదాకా ఆయన్ను వదల్లేదు. మాట మింగినప్పుడల్లా మళ్లీ చదివించాను, బడిలో చదివించినట్టే. "మలుపు కాడి పాత నీళ్ల బాయికి గట్టి కప్పు ఏపిస్తున్నం" అని ఆదివారం ఊరంతా విన్నది. ఇంత చేసినా ఎవరో సగమే విని, గనికి కప్పు గట్టిచేయిస్తున్నందుకు శాలువా పట్టుకుని వచ్చారట. ఏ బాయి అని అడక్కుండా ఆయన కప్పించుకున్నారు.

ఆ వారంలోనే మున్సిపాలిటీ వాళ్లు ఇనుప జాలీ తెచ్చారు. అవ్వ కొడుకు, అతని షిఫ్టు వాళ్లు దగ్గరుండి వెల్డింగ్ చేయించి, పైన ఎక్కి గెంతి మరీ చూశారు.

తర్వాతి ఆదివారం ముచ్చటలో ఆ కప్పు పని పూర్తయిందని రాశాను. రాసినవాటిలో నాకు బాగా నచ్చిన వాక్యం అది. అవ్వ పక్కన కూర్చుని విందామని వెళ్లాను. తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద ఫోను ఒక్కటే మాట్లాడుకుంటోంది.

"పొద్దుగాలనే పోయింది అక్కా, చాయ్ గూడ తాగలే" అంది కోడలు, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

దుకాణం దగ్గరికి వెళ్లాను. అవ్వ నున్నగా తల దువ్వుకుని అరుగు మీద నడిమధ్యన కూర్చుని, ఎవరి మీదో తీర్పు చెబుతోంది. నేను ఆగలేకపోయాను.

"అవ్వా, ఈ వారం ముచ్చట వినలేదా? మీ బాయి గురించి చెప్పారు."

అవ్వ నా గొంతు వచ్చిన వైపు తిరిగి నవ్వింది.

"గదెవరింటరు బిడ్డా! లోపటున్నప్పుడు పొద్దువోక విన్న గానీ."